సిద్ధాంతం వినకుండా బస్సెక్కినవాడు

ప్రశ్న అడిగిన మనిషి ముఖం చూడకముందే అనఘకు అతని గొంతు మీద కోపం వచ్చింది.

నూజివీడు డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో "సంప్రదాయ జ్ఞానం - ఆధునిక విజ్ఞానం" అన్న బ్యానరు ఒక మూల ఊడిపోయి ఫ్యాను గాలికి ఊగుతోంది. అనఘ ఆ కాలేజీలో సంస్కృతం లెక్చరర్. తిరుపతిలో న్యాయశాస్త్రం చదివి వచ్చింది. న్యాయశాస్త్రమంటే కోర్టుల వ్యవహారం కాదు. ఒక సంగతి మనకు ఎలా తెలుస్తుంది, తెలిసిందని ధైర్యంగా ఎప్పుడు చెప్పవచ్చు అని పండితులు శతాబ్దాలపాటు వాదించుకుంటూ వచ్చిన తర్కం. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని ఊహించడం గురించి ఆమె చక్కగా చెప్పుకుపోతోంది. అప్పుడే చివరి వరుసలోంచి వచ్చిందా గొంతు.

"మేడమ్, చిన్న డౌటు. ఎన్ని కొండలు చూసి ఈ మాట అన్నారండీ? శాంపిల్ సైజు ఎంత?"

హాలంతా గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా అనఘ ఆగింది.

"మీ పేరండీ?"

"రవిచంద్ర. మామిడి పురుగుల మీద పని చేస్తుంటాను."

మళ్ళీ నవ్వులు. ఈసారి అతనూ నవ్వాడు. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

"రవిచంద్ర గారూ, మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీరే చెప్పండి. వంటింట్లో పొగా నిప్పూ కలిసి కనబడ్డాయి. ఇటుక బట్టీ దగ్గరా కనబడ్డాయి. ఎన్ని చోట్ల చూసినా, చూడని చోటు ఒకటి మిగిలే ఉంటుంది. అక్కడ పొగ ఉండి నిప్పు లేకపోవచ్చు. ఇంతవరకూ తప్పలేదు కాబట్టి ఇకముందూ తప్పదు అంటే, ఆ మాటకు ఆధారం ఏమిటని మళ్ళీ అడగాల్సి వస్తుంది. అంటే నా శాస్త్రం మొత్తం పునాది లేని మేడ. ఇదేనా మీ అభ్యంతరం?"

"నా ప్రశ్న ఇంత గట్టిదని నాకే తెలీదండీ," అన్నాడు.

"ఇప్పుడు జవాబు వినండి," అంది అనఘ. ఆ జవాబు పూర్తయ్యేసరికి బయట టీ చల్లారిపోయింది.

చల్లారిన టీ పట్టుకునే అతను ఆమె దగ్గరికి వచ్చాడు. "ఎదుటివాడికి బలం పట్టించి మరీ కొడతారేంటండీ?"

"బలహీనుణ్ణి కొడితే ఏం గొప్ప?"

"మా సెమినార్లలో అంత ఓపిక ఉండదు. ఎదుటివాడి స్లయిడ్‌లో ఒక అంకె తప్పు దొరికితే చాలు, కూర్చోబెట్టేస్తాం."

"పాపం, పురుగులకి కూడా మీ చేతుల్లో ఇంతేనా?"

"ఒకసారి మా తోటకి వచ్చి చూడండి. అక్కడ పొగ లేదు గానీ మంచుంది. మీ శాస్త్రం దాన్ని ఏం చేస్తుందో చూద్దాం."

వెళ్ళకూడదనే అనుకుంది అనఘ. ఆదివారం తెల్లారేసరికి మాత్రం మైలవరం రోడ్డులో షేర్ ఆటో దిగి, పూత మీద ఉన్న తోటలో నిలబడి ఉంది.

జనవరి మంచు చెట్ల మధ్య పాలమీగడలా పరుచుకుని ఉంది. పూత వాసన గొంతులోకి దిగుతోంది. రవిచంద్ర ఒక ఆకు తుంచి ఆమె వేలికి అద్దాడు. జిగురుగా అంటుకుంది.

"నాకి చూడండి, తియ్యగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దీన్ని తేనెమంచు అంటారు. మంచు దట్టంగా పడ్డ ఏడు తేనె కారుతుంది, ఆకులు మసిబారతాయి, పూత రాలిపోతుంది. అంచేత మంచే తేనె కురిపిస్తుందని నమ్మకం. మీరేమంటారు? మంచు ఉంది కాబట్టి తేనె ఉందా?"

"మీరే చెప్పండి."

అతను ఒక కొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. కొన్ని పూగుత్తులకు సన్నని వల తొడుగులు కట్టి ఉన్నాయి. "ఈ వలలోంచి మంచు పోతుంది, పురుగు పోదు. లోపలున్న ఆకు ముట్టుకోండి."

ముట్టుకుంది. తడిగా ఉంది గానీ జిగురు లేదు.

"ఈ గింజంత పురుగే రసం పీల్చి తేనె విసర్జిస్తుంది. మంచు దానికి అనుకూలమైన వాతావరణం, అంతే. పాపం, నేరం దాని మీదికి పోయింది."

అనఘ ఆ ఆకును వదలలేదు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో, ఇది ఉపాధి!"

"ఏంటండీ?"

"తేనె ఉన్న చోటల్లా పురుగుంది. మంచు ఉన్న చోటల్లా పురుగు లేదు. ఊహను చెడగొట్టే ఇలాంటి మూడో వస్తువును మావాళ్ళు ఉపాధి అంటారు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, కాల్చిన ఇనపగుండు చూపిస్తారు. దానికి నిప్పుంది, పొగ లేదు. పొగకి కావలసింది తడికట్టె. ఆ తడికట్టే అక్కడ ఉపాధి. మీ పురుగే ఇక్కడ తడికట్టె!"

"ఆగండాగండి. మేం కన్‌ఫౌండర్ అంటాం, దాన్ని పట్టుకోవడానికే ఇన్ని ప్రయోగాలు చేస్తాం. మీవాళ్ళు వలలు కట్టకుండానే దాన్ని పట్టుకున్నారా?"

"కూర్చున్నచోటే."

"కూర్చున్నచోట పేరు పెట్టారు. పట్టుకోవాలంటే చెట్టెక్కాలి."

నిజానికి ఆ రెండూ ఒకటే కావు. దూరపు చుట్టాలు మాత్రమే. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తేల్చుకునే వాదనలో మంచు విడిపోవడం ఇద్దరూ గమనించలేదు. చెట్టు కింద ఎండుటాకులు ఊడుస్తున్న ఒకావిడ చీపురు ఆపి దగ్గరికి వచ్చింది.

"ఉపాధి అంటున్నారు, ఈ ఏడు పని ఎప్పట్నుంచి ఇస్తారమ్మా?"

అనఘ ముఖం కందిపోయింది. రవిచంద్ర నవ్వు ఆపుకుంటూ, "ఈవిడ ఆ ఆఫీసు మనిషి కాదమ్మా," అన్నాడు. తరువాత అనఘ వైపు తిరిగి, దాపరికమేమీ లేకుండా చెప్పాడు. "మా అమ్మ, వెంకటలక్ష్మి. మా నాన్న వీరయ్య ఆ చివర నీళ్ళు కడుతున్నాడు. వీళ్ళు ఈ తోటలోనే పని చేస్తారు. నేను వీళ్ళ పురుగుల మీద పీహెచ్‌డీ చేశాను."

"వీడికి చిన్నప్పట్నుంచీ పురుగుల పిచ్చే అమ్మా. జేబులో పెట్టుకుని తిరిగేవాడు," అంది వెంకటలక్ష్మి. ఆ మాట అనేసి, ఎక్కువ మాట్లాడానేమోనని మొహమాటంగా చీపురు అందుకుంది.

ఆ తరువాత పూత పిందె అయింది, పిందె కాయ అయింది. వాదం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. టీ కొట్టు దగ్గర, లైబ్రరీ మెట్ల మీద, కొన్నిసార్లు ఫోనులో వాదించుకునేవారు. చివరికి అది అనఘ ఇంటి అరుగెక్కింది.

అనఘ తండ్రి వెంకట రమణ శాస్త్రి గుడి పక్క వీధిలో పిల్లలకు ఉచితంగా తర్కం చెబుతారు. నేర్చుకునే పిల్లలు ఈ మధ్య తగ్గిపోవడంతో ఆయన నాలుకకు పని లేకుండా పోయింది. అలాంటి సమయంలో దొరికాడు రవిచంద్ర.

"ఏవయ్యా, నువ్వు కంటికి కనబడిందే నమ్ముతానంటావు. మీ తాత కనబడ్డాడా నీకు?"

"లేదండీ. ఆయన లేకపోతే నేనిలా కనబడేవాణ్ణి కాదని ఊహిస్తున్నాను."

"చూశావా, ఊహను ప్రమాణంగా ఒప్పేసుకున్నాడు! కూర్చో, కూర్చో."

"ఊహించడం వరకేనండీ. తరువాత చెక్ చేస్తాం. తప్పైతే వదిలేస్తాం."

"మా వాళ్ళు వదలరయ్యా. ఇంకో గ్రంథం రాస్తారు."

అనఘ తల్లి జ్ఞానప్రసూనాంబ కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, చల్లారాక తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చేది. "ముగ్గురిదీ ఒకే నక్షత్రం అయి ఉంటుంది. కాఫీకి పనికిరాని నక్షత్రం," అనేది. ప్రపంచంలో దేనికైనా ఆవిడ దగ్గర ఒక గ్రహం ఉంది. కోట్ల మైళ్ళ అవతల తిరిగే శని, నూజివీడులో ఒక స్టీలు గ్లాసు మీద ఇంత శ్రద్ధ ఎందుకు పెడతాడని రవిచంద్ర అడగబోయి, ఆవిడ చేతి వేడి కాఫీని దృష్టిలో పెట్టుకుని మానేశాడు.

మే నెల నడుమన రసాలు పక్వానికొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఎండ కాస్తూ కాస్తూనే ఆకాశం నల్లబడింది. ఈదురుగాలికి కాయలు టపటపా రాలాయి. తోటకు వచ్చిన అనఘ ప్యాకింగ్ షెడ్డులోకి పరిగెత్తింది. వెనకే రవిచంద్ర వచ్చాడు. తల మీద ప్లాస్టిక్ ట్రే బోర్లించుకున్నాడు గానీ, ట్రేకి అన్నీ కన్నాలే.

"గొడుగు డిజైన్ ఎవరిదండీ?" అంది అనఘ.

"ఫీల్డ్ ట్రయల్‌లో ఉంది. ఫెయిలయింది."

షెడ్డు రేకుల మీద వాన హోరెత్తింది. గడ్డి పరుపు మీద పండ్లు వాసనలు చిమ్ముతున్నాయి. అతని కనుబొమ్మ చివర ఒక నీటిచుక్క వేలాడుతోంది. అది రాలుతుందా లేదా అన్న విషయం మీద అనఘకు అకారణమైన ఆసక్తి పుట్టింది.

"అనఘ గారూ, నాకు విజయనగరం వైపు పోస్టు వచ్చింది. జీడిమామిడి. ఎల్లుండి పొద్దునకల్లా చేరాలంటే రేపటి బస్సుకు బయల్దేరాలి. చేరకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నేను ఇక్కడి ప్రాజెక్టులోనే ఉండిపోతాను."

"మంచి పోస్టా?"

"మంచిదే."

"మరి చేరకపోవడం దేనికి?"

"మీరు నన్ను పెళ్ళి చేసుకుంటానంటే ఉండిపోదామని."

నీటిచుక్క రాలిపోయింది. అనఘ అది కూడా చూడలేదు. వాన హోరు ఆమె గుండెలోంచి వస్తోందో, రేకుల మీంచి వస్తోందో తేల్చడానికి ఆ క్షణాన ఏ ప్రమాణమూ అందుబాటులో లేదు. అవునని అక్కడికక్కడే అరవాలనిపించింది. అరవలేదు. ఇంత పెద్ద సంగతికి జవాబు అలా విసిరేస్తే ఆ సంగతిని అవమానించినట్టే అని ఆమె చదువు ఆమెకు నేర్పింది.

"రేపు పొద్దున ఇక్కడే చెప్తాను," అంది. "పద్ధతిగా."

అనఘ చదివిన సంప్రదాయంలో ఏ మాటనైనా నిలబెట్టాలంటే ఒక వరస ఉంది. ముందు ఆ మాటకు ఎదురుగా లోకంలో ఎవరైనా చెప్పగలిగిన అభ్యంతరాలన్నింటినీ, వాళ్ళు చెప్పేదానికన్నా బలంగా తానే చెప్పాలి. అది పూర్వపక్షం. దానిని ఒక్కొక్కటిగా పడగొట్టి, చివరికి తన నిర్ణయం చెప్పాలి. అది సిద్ధాంతం. పూర్వపక్షం ఎంత గట్టిగా ఉంటే సిద్ధాంతానికి అంత గౌరవం. రవిచంద్రను ఆమె ఎంతగా కోరుకుంటోందో ఆ పూర్వపక్షాన్ని అంత భయంకరంగా తయారుచేసింది.

రవిచంద్ర చదివిన సంప్రదాయంలో వ్యాసం మొదటి పేరాలోనే ఫలితం చెప్పేస్తారు. మొదట వచ్చిందే అసలు మాట. తరువాతిదంతా వివరాలు.

మర్నాడు పొద్దున షెడ్డులో అనఘ బోర్లించిన ట్రే మీద కూర్చుంది. పెళ్ళికూతురికి ఉండవలసినంత సంతోషం ఆమె ముఖంలో ఉంది గానీ, సభామర్యాద కోసం దానిని లోపలే దాచుకుంది.

"ఈ పెళ్ళి కూడదు," అని మొదలుపెట్టింది.



"ఎందుకంటే, మీ ఇంట్లో చేపల పులుసు లేని ఆదివారం లేదు. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ముహూర్తం చూసుకుని లోపలికొస్తుంది. ఒకే వంటిల్లు ఈ రెండింటినీ మొయ్యలేదు. రెండోది, మా నాన్నగారు మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు నిజమే. అరుగు వేరు, పెళ్ళిపీట వేరు. పీట దగ్గరికొచ్చేసరికి కులం గుర్తొస్తుంది, చుట్టాలు గుర్తొస్తారు. పోనీ మావాళ్ళే ఒప్పుకున్నా, మీ అమ్మగారు నా ముందు ఈరోజుకీ నోరు తెరిచి మాట్లాడలేరు. సొంత ఇంట్లో, సొంత కోడలి ముందు జన్మంతా మొహమాటపడమనడం ఆవిడకి అన్యాయం. మూడోది, మీకు దేవుడు లేడు. మా ఇంట్లో గంట మోగందే తెల్లారదు. అన్నిటికంటే పెద్దది, మనిద్దరి మధ్య ఉన్నది మాటలే. ఏ మాటలైనా ఎప్పుడో అయిపోతాయి. అయిపోయాక, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పుకోవడం తప్ప పని లేని ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మిగులుతారు."

ఆమె ఆగింది. అతని ముఖం పాలిపోయింది. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని ఆమె పొంగిపోయింది.

"ఇంకేమైనా ఉందాండీ?" అన్నాడు మెల్లగా.

"ఇంతకంటే బలంగా ఎవరూ చెప్పలేరు," అంది గర్వంగా. "ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటున్నాను. ఎక్కడా తప్పు కనబడటంలేదు."

ఆ జవాబు ఆమెకు పరమానందం కలిగించింది. పూర్వపక్షం సక్రమంగా ఉందని ఎదుటివాడు అంగీకరించాడు. ఇక సిద్ధాంతమే తరువాయి. గొంతు తడుపుకోవడానికి షెడ్డు మూల ఉన్న కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు ముంచుకుంది. తిరిగి చూస్తే రవిచంద్ర లేడు. బైకు చప్పుడు తోట దాటి రోడ్డెక్కింది.

టీ తేవడానికి వెళ్ళాడనుకుంది.

బైకు ట్యాంకు మీద పెద్ద బ్యాగు కట్టి ఉండటం ఆమె వచ్చేటప్పుడే చూసింది. పొగను చూసి నిప్పును ఊహించడం పదేళ్ళు చదువుకున్న మనిషి, బ్యాగును చూసి ప్రయాణాన్ని ఊహించలేకపోయింది. సిద్ధాంతంలోని మొదటి వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూ, నవ్వుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి ఫోను మోగింది. మెసేజ్.

"మీరు అన్నీ ఆలోచించే చెప్పారు. హనుమాన్ జంక్షన్‌లో మా స్నేహితుడు పాల్ రాజు షాపు దగ్గర బండి పెట్టి, మధ్యాహ్నం విశాఖ బస్సు ఎక్కుతాను. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి."

అనఘ ఫోను చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. అదే.

ఆటోవాణ్ణి ఎంత తొందరపెట్టిందో ఆమెకే తెలియదు. ఇల్లు చేరేసరికి శాస్త్రిగారు అరుగు మీద విసనకర్రతో ఉన్నారు.

"నాన్నగారూ, మీ మోపెడ్ తాళం ఇవ్వండి!"

"నీకు నడపడం రాదు కదమ్మా. ఏమైంది?"

ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. వానా, పెళ్ళి మాటా, ఈ పొద్దుటి వాదమూ. పెళ్ళి మాట విన్నచోట ఆయన విసనకర్ర ఆగింది.

"ఇది పూర్వపక్షం అని ముందుగా అతనికి చెప్పావా?"

"చెప్పాలా? ఎవరికైనా తెలుస్తుంది కదా!"

"ఎవరికి తెలుస్తుందే? తిరుపతిలో నీతో చదివినవాళ్ళకి తెలుస్తుంది. పెళ్ళి చేసుకోమని అడిగినవాడికి తెలుస్తుందా?" అన్నారు ఆయన. "ఏం చెప్పావో నాకూ చెప్పు. ఒక్క మాట పోకుండా."

"బస్సు..."

"చెప్పు."

తండ్రి గొంతు మారింది. అనఘ నిలబడే చెప్పింది. వంటిల్లు, పీట, గంట, మాటలు. అంతా విని శాస్త్రిగారు కళ్ళు మూసుకున్నారు.

"ఇందులో అతని మాట ఒక్కటీ లేదమ్మా. నీదీ లేదు. అన్నీ నావే. నువ్వు పెళ్ళి మాట ఎత్తగానే నేనేం అందామనుకున్నానో, నా నోట్లోంచి తీసి, నాకంటే బాగా చెప్పావు. నీ ప్రతిపక్షి అతను కాదు. నేను. ఇప్పుడు ఖండించు."

అటు బస్సు, ఇటు తండ్రి. తండ్రిని దాటకుండా బస్సును అందుకోవడంలో అర్థం లేదు.

"వంటింటి సంగతి. మనింట్లో అమ్మ వంటకి, మీ మడి వంటకి రెండు పొయ్యిలు నేను పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి. ఇల్లు విడిపోలేదు. ఆయన తినేది ఆయన వండుకుంటారు, నేను తినేది నేను వండుకుంటాను."

"సరే. పీట?"

"కులానికీ వివేకానికీ సంబంధం ఉందంటే, ఎక్కడో ఒకచోట చూపించాలి. ఇన్నాళ్ళుగా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నా శిష్యుల్లో ఇంతటివాడు లేడు అన్నది ఎవరు? దృష్టాంతం కోసం నేను ఊరంతా వెతకక్కర్లేదు. మీరే దృష్టాంతం."

శాస్త్రిగారి పెదవి మీద ఏదో కదిలింది. అది నవ్వో కాదో ఆయనకే తెలియాలి.

"చుట్టాలో?"

"చుట్టాలు పూర్వపక్షంలో కూడా వాదించరు, నాన్నగారూ. వచ్చి భోంచేసి వెళ్తారు."

"వాళ్ళమ్మగారి మొహమాటం?"

"నాతో మాట్లాడాల్సింది ఆవిడ కాదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి మాట్లాడాల్సింది నేను. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. అది నా తప్పే గానీ, పెళ్ళికి అడ్డం కాదు."

"దేవుడు లేడంటాడే?"

"లేడనేవాళ్ళు లేకపోతే మన శాస్త్రంలో సగం పుస్తకాలు రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. ఇంట్లోనే ఒక మనిషి ఉంటే నాకు లాభం."

"చివరిది. మాటలు అయిపోతే?"

అనఘ తడబడింది. రాత్రి తయారుచేసుకున్న ఖండనం ఇప్పుడు తండ్రి ముందు నిలబడేలా కనబడలేదు. ఆమె సంప్రదాయంలో జవాబు లేని అభ్యంతరం ఉంటే వాదం ఓడినట్టే.

"దానికి హేతువు లేదు, నాన్నగారూ," అంది. "కూర్చుని తేల్చేది కాదది. చేసి చూడాలి. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాక గానీ ఫలితం తెలీదు. అయినా నాకు చూడాలనే ఉంది."

శాస్త్రిగారు విసనకర్ర పక్కన పెట్టి లేచారు. కూతురి మెదడులో పరాయి శాస్త్రం ఎప్పుడు చొరబడిందో ఆయన గమనించనేలేదు. ఆ మాటకు ఎదురు చెప్పాలంటే ఏ గ్రంథంలో వెతకాలో కూడా ఆయనకు తోచలేదు.

"ఓడిపోయానమ్మా," అని, మొలలోంచి తాళం తీశారు. "ఎక్కు."

లోపల్నుంచి జ్ఞానప్రసూనాంబ కేక వేసింది. "ఏమండీ! వడ్డించాను, ఎక్కడికి?"

"వాదం మధ్యలో ఉందే, వచ్చి చెప్తాను!"

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు మామిడి రోజుల్లో లారీల సొత్తు. శాస్త్రిగారి మోపెడ్ జీవితంలో ఎన్నడూ ఏ వాహనాన్నీ దాటి ఎరగదు. ఒక లారీ వెనక చేరి, దాని మీద నుంచి వచ్చే గడ్డిపరకలను నెత్తిన వేసుకుంటూ వినయంగా నడుస్తోంది.

"దాటండి నాన్నగారూ!"

"ఎదర ఏముందో కనబడకుండా ఎలా దాటతాం?"

"ఊహించండి!"

"ఈ ఒక్క విషయంలో నేనూ అతని పక్షమే. చూస్తేగానీ నమ్మను."

జంక్షన్ దగ్గర లారీలు బారులు తీరి రోడ్డు నిండిపోయింది. మోపెడ్ ఆగకముందే అనఘ దూకేసింది. చెప్పు ఒకటి తెగింది. రెండోదీ విడిచేసి, పండ్ల ట్రేల మధ్య, హారన్ల మధ్య పరిగెత్తింది. విశాఖ బస్సు కదలడానికి సిద్ధంగా గురగురలాడుతోంది. మూడో కిటికీలో రవిచంద్ర, ఒళ్ళో బ్యాగు, చూపు ఎక్కడో.

"రవిచంద్ర గారూ! దిగండి!"

అతను ఉలిక్కిపడ్డాడు. "అనఘ గారూ? చెప్పుల్లేవేంటి?"

"అది పూర్వపక్షం!"

"ఏది?"

"పొద్దున చెప్పింది! మా పద్ధతి అది. ముందు ఎదుటివాళ్ళ మాట చెప్పాలి, తరువాతే మన మాట. మీరు ఎదుటివాళ్ళ మాట విని లేచొచ్చేశారు!"

రవిచంద్రకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే, ఈ పెళ్ళి కూడదన్నది మీ మాట కాదా?"

"కాదు!"

"మరి ముందే చెప్పొచ్చుగా! నేను అంతా ఒప్పేసుకున్నాను!"

"మీరు అంత తొందరగా ఒప్పుకుంటారని నాకేం తెలుసు? వాదించాలి కదా!"

"మీరు చెప్పింది కరెక్టుగా ఉంటే ఎలా వాదిస్తానండీ?"

బస్సు మొత్తం ఇటు వంగింది. అతని పక్క సీటులో ఉన్న పెద్దావిడ వేరుశనక్కాయలు ఒలవడం మానేసింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా ఆగాడు.

"అయితే మీ మాటేంటి?" అన్నాడు రవిచంద్ర.

అనఘ దగ్గర హేతువులున్నాయి, దృష్టాంతాలున్నాయి. దారి పొడుగునా వాటిని వరసగా పేర్చుకుంటూనే వచ్చింది. పైకి చూసి, అతని కళ్ళలోని భయం చూసి, వాటన్నింటినీ అక్కడే వదిలేసింది.

"చేసుకుంటాను," అంది.

ముందూ వెనకా ఏమీ లేని ఆ ఒంటరి మాటను పదేళ్ళ చదువులో ఆమె మొదటిసారి నిలబెట్టింది. అది పడిపోలేదు.

"సార్, తేలిందా?" అన్నాడు కండక్టరు. "ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి. బండి కదలాలి."

"ఇంకా కూర్చున్నావేంటయ్యా!" అని పెద్దావిడ రవిచంద్ర ఒళ్ళోని బ్యాగు లాగి కిటికీలోంచి అనఘ చేతుల్లోకి పడేసింది. అతను మెట్ల మీంచి దాదాపు దొర్లుకుంటూ దిగాడు. విశాఖ బస్సు, మంచి పోస్టూ కలిసి ఏలూరు వైపు సాగిపోయాయి.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. రోజూ తెగని మాటలు ఇప్పుడు ఒక్కటీ రాలేదు. రవిచంద్ర ఆమె జుట్టులోంచి ఒక గడ్డిపరక తీశాడు. పారేయలేదు.

"మీ అమ్మగారేమంటారో?" అంది చివరికి.

"మా అమ్మ, ఆ అమ్మాయిని నువ్వు అడుగుతావా, నన్నే వెళ్ళి అడగమంటావా అని నెల రోజుల్నుంచీ చంపుతోంది. మీ ముందు నోరు తెరవదు గానీ, నా దగ్గర ఆపదు."

చిత్రంగా ఊగుతూ మోపెడ్ వచ్చి ఆగింది. శాస్త్రిగారి పంచె మీద, తల మీద ఎండుగడ్డి. ఆయన రవిచంద్రను తేరిపార చూశారు.

"ఏవయ్యా, సగం వాదం విని పారిపోవడం ఏ యూనివర్సిటీలో నేర్పారు?"

"తప్పయిందండీ."

"ఆశీర్వదించడానికి నాకేం అభ్యంతరం లేదు. ఓడిపోయినవాడికి అభ్యంతరం ఉండకూడదు." ఆయన అతని తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అనవసరమైనంతసేపు అక్కడే ఉంది. తరువాత ఆయన ముఖంలోకి ఆందోళన వచ్చింది. "అసలు కష్టం ఇంటి దగ్గరుంది. మీ అత్తగారికి వాదనియమాలు పట్టవు. మీరిద్దరూ మెల్లగా బైకు మీద రండి. నేను ముందు వెళ్ళి మాట్లాడతాను."

"ఆవిడ దగ్గర ముందు ఫలితం చెప్పేయండి మావయ్యగారూ," అన్నాడు రవిచంద్ర. ఆ పిలుపు నోట్లోంచి రాగానే చెవులు ఎర్రబడ్డాయి.

"ఫలితం ముందు చెప్తే మిగతాది వినదు. చివర చెప్తే అంతదాకా ఉండదు," అన్నారు శాస్త్రిగారు. మోపెడ్ స్టార్టు చేసి, రెండడుగులు పోయి, మళ్ళీ ఆగి, కొత్తగా పాఠం మొదలుపెట్టిన విద్యార్థిలా వెనక్కి తిరిగారు.

"అమ్మా అనఘా, ఆ రెండో హేతువు, పీట సంగతి, ఇంకోసారి చెప్పు. దారిలో వల్లె వేసుకుంటాను."